దానమ్మ తరవాణి కుండ

సోమవారం. తూర్పు గాలి.

మోకులు చూశాను. నాలుగు మూలలా బాగున్నాయి. ఈశాన్యం మూల మోకు మీద నాచు పేరుకుంటే గీకాను. పిట్టల రెట్టలు కూడా రోజూలాగే గీకాను. నీళ్ల తొట్టి నిండుగా ఉంది. తెప్ప అడుగున ఊట లేదు.

తెప్ప పుస్తకంలో ఇంతవరకే రాయాలట. ఇదివరకు రాసిన సూర్రాజు అలాగే రాసేవాడు. అతను పోయాక ఈ పని నా నెత్తిన పడింది. నాకు అక్షరాలు నడివయసు దాటాక వచ్చాయి. వచ్చినవాటిని దాచుకోవడం నాకు చేతకాదు. గోడకు చెబితే గోడే రాసుకుంటుందని ఆఫీసు కుర్రాడు అన్నాడు. గోడతో మాట్లాడే కర్మ నాకింకా పట్టలేదని చెప్పి పంపేశాను.

తేలవలసలో మాది కొసతెప్ప. మా తరువాత సముద్రమే. ఊరంతా ఇలాంటి తెప్పలే, ఒకదానికొకటి మోకులతో కట్టి ఉంటాయి. మా తెప్ప ముడులన్నీ నేను వేసినవి. ఒక్కటీ జారలేదు. గొప్పకు కాదు, నిజం గనక రాస్తున్నాను.

పొద్దున డబ్బాలు వచ్చాయి. తెప్పల మీద నిప్పు రాజేయకూడదు గనక అందరికీ వంటతెప్ప నుంచే అన్నం. తాడు మీద పాకుతూ వస్తాయి డబ్బాలు. మూత తీస్తే ఆవిరి వస్తుంది, వాసన రాదు. తిన్నాను. ఒక పిడికెడు మిగిల్చి చేతులు లుంగీకి తుడుచుకుని తరవాణి కుండలో వేసి కలిపాను. నా ఇల్లాలు దానమ్మ ఉంటే కొబ్బరి చిప్పగరిటె ఏదని అరిచేది. చేత్తో కలిపితే వచ్చే రుచి గరిటెకు రాదని నా లెక్క.

ఈ తెప్ప మీద నిప్పు లేకుండా పుట్టే రుచి ఇదొక్కటే. అన్నం, నీళ్లు, పులిసేదాకా ఓపిక. మార్చిలో దానమ్మ సంవత్సరీకానికి తలా ఒక గ్లాసు పోశాను. అందరి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆనాటి నుంచి రోజూ లోటాలు పట్టుకుని వస్తున్నారు. ఎండలు మండిపోతున్నాయి కదా. నేను ఎవరికీ లేదనలేదు. వాళ్లు వచ్చే కొద్దీ అన్నం వేస్తున్నాను, నీళ్లు పోస్తున్నాను.

ఎర్రయ్య పొద్దున రాలేదు. దానమ్మ తమ్ముడు వాడు, ఆమెను అప్పా అని పిలిచేవాడు. రోజూ నా గడప దగ్గర కూర్చుని నా ముడులకు వంకలు పెట్టనిదే వాడికి తెల్లారదు. వెళ్లి చూస్తే చాప మీద ముడుచుకుని పడుకున్నాడు.

"ఏటిరా ఎర్రిగా?"

"కడుపులో ఎవుడో వల లాగుతున్నాడు బావా."

"నిన్న ఆ డబ్బా గుడ్డు తిన్నావు కదా. అది కోడి పెట్టిందో, మిషను పెట్టిందో!"

నవ్వబోయి, నవ్వలేక మరుగుదొడ్డికి పరిగెత్తాడు. ఒక లోటా తరవాణి తెచ్చి తలాపిన పెట్టి వచ్చాను.


మంగళవారం. తూర్పు గాలి, వేడి.

మోకులు బాగున్నాయి.

పక్క గది పైడమ్మ మొగుడు పడ్డాడు. ఆమె కోడలు పడింది. అవతలి వరుసలో ఇంకో నాలుగు గదుల వాళ్లు పడ్డారు. విరేచనాలు, వాంతులు, జ్వరం. మరుగుదొడ్డి ముందు వరుస కట్టి ఒకరినొకరు తిట్టుకుంటున్నారు.

పైడమ్మ పెద్ద బిందెతో వచ్చింది.

"మావా, కొంచెం ఎక్కువ పొయ్యి. ఇంటిల్లిపాదీ కాలిపోతన్నారు."

"పొయ్యడానికేటి, తీసుకెల్లు. ఆ డబ్బాలు మానీమను ముందు."

"మానేసి ఏటి తింటాం, నీ ముడులా?"

మధ్యాహ్నానికి కుండ అడుగంటింది. మళ్లీ నింపాను. సాయంత్రానికి మళ్లీ ఖాళీ. జబ్బు వచ్చినకొద్దీ చలవ కోసం వస్తున్నారు. ఇంతమందికి పనికొచ్చానని చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గులేదు. దానమ్మ చూస్తే బాగుండును.

మా ఊరు సరుగుడుపేట మునిగిన రోజు గుర్తొచ్చింది. జనం టీవీలు మోశారు, బీరువాలు మోశారు. నేను వలలు మోశాను. దానమ్మ కుండ నెత్తిన పెట్టుకుని మొలలోతు నీళ్లలో నడిచింది.

"ఆ పుల్లనీళ్లు పారబొయ్యవే, బేగి నడు" అని అరిచాను.

"మాయమ్మ ఇచ్చింది. నువ్వు పారబొయ్యమంటే పారబోత్తానేటి? నీ వలలు వొగ్గీ, అవి మీయమ్మ ఇవ్వలేదు కదా" అంది.

వలలు ఎలుకలు కొట్టాయి. కుండ మిగిలింది. సరుగుడు తోపులో ఇసుక, ఆకుల మీద గాలి చేసే చప్పుడు, పాక వెనక చేపలు ఎండే వాసన అన్నీ నీళ్లకింద ఉన్నాయి. కుండ ఒక్కటే పైన ఉంది.


బుధవారం. గాలి లేదు.

శుద్ధివాళ్లు వచ్చారు. ఊరి పారిశుధ్య ఆరోగ్య విభాగం అని పడవ మీద రాసి ఉంటుంది. మేము శుద్ధివాళ్లు అంటాం. ఇద్దరు మగపిల్లలు, వాళ్ల మీద ఒక ఆడపిల్ల. పేరు నీలవేణి. ముప్పయ్యేళ్లు ఉంటాయేమో. మెట్ట ఊళ్ల నుంచి వచ్చిందట. తెప్ప కొంచెం ఊగితే గోడ పట్టుకుంటుంది.

పని మాత్రం వంచిన నడుము ఎత్తకుండా చేసింది. డబ్బాల్లోంచి తీసి సీసాల్లో వేసింది. తొట్టి నీళ్లు పట్టింది. మరుగుదొడ్డి గుంటలో కూడా చెయ్యి పెట్టింది, తొడుగు వేసుకునే లెండి. జబ్బు పడ్డవాళ్లకు ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ల పొట్లాలు ఇచ్చింది. ఆ తరువాత గది గదికీ వెళ్లి అడిగింది. ఏం తిన్నారు, ఎప్పుడు తిన్నారు, ఎవరితో తిన్నారు.

అందరూ ఒకటే మాట. డబ్బా.

"డబ్బా కాకుండా ఇంకేమైనా తిన్నారా? చేప, రొయ్య, బయటివి?"

"నిప్పు లేదు కదమ్మా, పచ్చి చేప తింటామేటి, పిల్లులమా?" అంది పైడమ్మ.

నన్నూ అడిగింది. డబ్బాయే తిన్నానని చెప్పాను. ఆ డబ్బాల గురించి నా మనసులో ఉన్నదంతా కూడా చెప్పాను. చాలాసేపు చెప్పాను. పాపం నిలబడి విన్నది.

"కానీ తాతా, ఇవే డబ్బాలు ఊరంతా తింటున్నారు. మిగతా తెప్పల్లో ఒక్కరికీ ఏం కాలేదు."

"మిగతావోల కడుపులు రాతి కడుపులేమో."

"మీదీ రాతి కడుపేనా? మీకేం కాలేదుగా."

"నాది సరుగుడుపేట కడుపు."

నవ్వింది. నవ్వితే బాగానే ఉంది. డబ్బాలవాళ్ల తరఫు మనిషి గనక నేను నవ్వలేదు.


గురువారం. గాలి లేదు. ఎండ.

ఈ రోజు రాయాలని లేదు. రాస్తున్నాను.

ఎర్రయ్యను ఆసుపత్రి పడవ ఎక్కించారు. కళ్లు లోపలికి పోయాయి. చర్మం పట్టి లాగితే అలాగే నిలబడి ఉంది. రాత్రంతా నేను పోసిన తరవాణి తాగాడు, తాగిందంతా కక్కాడు. పొట్లాల నీళ్లు ఉప్పగా ఉన్నాయని ముట్టలేదు. పడవ ఎక్కిస్తుంటే నా చెయ్యి పట్టుకున్నాడు.

"బావా, నైరుతి మూల ముడి వొదులుగా ఉంది."

"నీ నోరు పడిపోను. అది నానేసిన ముడి."

"అందుకే సెప్తున్నాను."

పడవ వెళ్లాక పోయి చూశాను. వదులుగా లేదు.

మధ్యాహ్నం మైకులో ఊరి సంఘం మాట వచ్చింది. జబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో ఆదివారం లోపల తేలకపోతే కొసతెప్పను ఊరి నుంచి విప్పి బయటి సముద్రంలో గుంజకు కట్టేస్తారట. జబ్బు ఊరికి పాకకుండా. డబ్బాల తాడు ఉండదు, నీళ్ల గొట్టం ఉండదు. పడవ మీద ఏదో పంపుతారట. గంటెడ ఊరివాళ్ల తెప్పకు జబ్బు చేస్తే అలాగే విప్పారు. అది మళ్లీ ఊరికి అతుక్కోలేదు. కట్టుకోవడానికి ఏ తెప్పా ఒప్పుకోలేదు. జనం తలో దిక్కూ అయిపోయారు.

మా తెప్ప మీద ఉన్నదంతా సరుగుడుపేట జనమే. ఊరు పోయినా ఊరివాళ్లం ఒకచోట ఉన్నాం. అదీ పోతుంది.

చివర్లో ఇంకో మాట వచ్చింది. మోకులు చూసే పోలయ్య ముడులు విప్పడానికి సిద్ధంగా ఉండాలి.

నా ముడులు. నేనే విప్పాలి.

నీలవేణి మీద గట్టిగా అరిచాను. ఇన్ని సీసాలు నింపావు, ఇంకా తేల్చలేవా అన్నాను. ఆమె మళ్లీ మొదటి గది నుంచి అడగడం మొదలుపెట్టింది. ఏం తిన్నారు, ఏం తిన్నారు. డబ్బా, డబ్బా.


శుక్రవారం. గాలి లేదు.

మధ్యాహ్నం ఆ పిల్ల నా గడప మీద కూలబడింది. ముఖం కందిపోయింది, పెదవులు పగిలిపోయాయి. నిన్న అంతగా అరిచాను గదా. ఒక గ్లాసు నింపి చేతికిచ్చాను.

"ఇదేంటి తాతా?"

"తాగమ్మా. సలవ."

పెదవుల దాకా తీసుకెళ్లి ఆగింది. వాసన చూసింది.

"దేంతో చేశారు?"

"అన్నం, నీల్లు. తరవాణి. మీ మెట్టోలకి తెలీదేటి?"

"అన్నమా?" గ్లాసును నెమ్మదిగా కింద పెట్టింది, లోపల ఏదో నిద్రపోతున్నట్టు. "ఇది ఎవరెవరు తాగుతారు?"

"ఎవులు తాగరని అడుగు. తెప్పంతా తాగుతాది."

లేచి నిలబడింది. తెప్ప ఊగినా గోడ పట్టుకోలేదు.

"తాతా! ఒక్కొక్కరిని రెండేసి సార్లు అడిగాను. డబ్బా తప్ప ఇంకేం లేదన్నారు. మీరూ అదే అన్నారు!"

"నిజమే కదా సెప్పినాం. ఏటి తిన్నారని అడిగినావు. దీన్ని తింటారేటి? తాగుతారు. జొరమొస్తే తాగుతారు, ఎండ కొడితే తాగుతారు. సలవని తిండిలో ఎవులైనా కలుపుతారా?"

ఆమె నుదుటి మీద కొట్టుకుంది. "నాదే తప్పు. తిన్నదే అడిగాను."

అప్పటికి ఆమె ఎటు పోతోందో నాకు తెలిసింది. నెత్తురు తలకెక్కింది.

"ఏటంటావు? మా దానమ్మ కుండే జనాన్ని సంపుతుందంటావా? వాలమ్మ కాడినించి వొచ్చిన కుండ అది. మూడు తరాలు తాగినాం. మీ డబ్బాలు పుట్టకముందు నించి..."

"కుండది తప్పని నేను అన్లేదు తాతా. ఆవిడ ఎలా చేసేవారో చెప్పండి. వినాలని ఉంది."

దానమ్మ గురించి అడిగితే నేను చెప్పకుండా ఉండలేను. కూర్చున్నాను. చెప్పాను. చిప్పగరిటె తప్ప చెయ్యి తగలనిచ్చేది కాదు. మూతకు గుడ్డ కట్టేది. కొత్త నీళ్లు పోసిన రోజు కుండ దగ్గరికి ఎవరినీ రానిచ్చేది కాదు. వాకిట్లో లోటాతో ఎవరు నిలబడినా, మూత తీసి, వాసన చూసి, మళ్లీ మూసేసేది.

"వచ్చినవాళ్లకి ఏం చెప్పేవారు?"

"రేపు రా అనీది. సర్పంచు పెల్లాం వొచ్చినా అంతే. 'ఇంకా పులవలేదు, రేపు రా.' ఒట్టి పీనాసిది. నాకు తల కొట్టేసినట్టుండీది. అందుకే నానెవులికీ..."

కుండ వైపు చూశాను.

మార్చి నుంచి నేను ఒక్కరికి కూడా రేపు రా అని చెప్పలేదు. పొద్దున పోసిన నీళ్లు మధ్యాహ్నం తోడాను. మధ్యాహ్నం పోసినవి సాయంత్రం తోడాను. పుల్లగా లేదని ఎర్రయ్య అంటే నీ నాలుక చచ్చిందన్నాను. రెట్టలు గీకిన చేతులు లుంగీకి తుడుచుకుని మోచేతి దాకా ముంచి కలిపాను.

నీలవేణి మెల్లగా అంది. "బాగా పులిస్తే ఆ పులుపులో పురుగు బతకదు తాతా. పులవకముందు అదే కుండ పురుగుకి గూడు."

"మరి నాకేటవ్వలేదేం?"

"మీరు ఎప్పుడు తాగుతారు?"

తెల్లారకముందు తాగుతాను. కొత్త నీళ్లు పోయకముందు. రాత్రంతా పులిసినది నేను తాగాను. పచ్చివి వాళ్లకు పోశాను.

కుండలోంచి ఒక సీసా ఆమే పట్టుకుంది. నేను అడ్డు రాలేదు. మూత మీద గుడ్డ కట్టాను. పైడమ్మ లోటాతో వచ్చింది.

"లేదు" అన్నాను.

"అదేటి మావా, కుండ నిండా..."

"లేదన్నాను కదా, ఎల్లు!"

నా గొంతు విని ఆమె బెదిరిపోయింది.


శనివారం. పడమటి గాలి మొదలైంది.

పొద్దున్నే ఆమె వచ్చింది. నోరు విప్పకముందే ముఖం చూసి తెలుసుకున్నాను. జబ్బు మనుషుల్లో ఉన్న పురుగే కుండలో ఉంది. డబ్బాల్లో లేదు, తొట్టిలో లేదు. సంఘానికి కబురు పంపిందట. తెప్పను విప్పరు.

"మిగతా గదుల్లో చెప్పాలి తాతా. ఇంట్లో నిలవ ఉంచినది ఎవరూ తాగకుండా. మావాళ్లను పంపుతాను."

"కుండ నాది. నానే సెప్తాను."

గది గదికీ వెళ్లాను. ప్రతి గడపలో ఒకే మాట చెప్పాను. నేను పోసిన చలవ వల్ల మీకు జబ్బు చేసింది, ఉన్నది పారబోయండి. తలకట్టు తీసి చేత్తో పట్టుకున్నాను. ఈ తెప్ప మీద నా తలకట్టు ఎవరి ముందూ దిగలేదు. ఒకడు తలుపు ముఖం మీద వేసేశాడు. వెయ్యనీ.

పైడమ్మ చాలాసేపు నన్నే చూసింది. కోడలు ఇంకా మంచం మీదే ఉంది.

"పచ్చిగా ఉందని నాకూ తెలుసును మావా. అయినా సరుగుడుపేటలో ఉన్నట్టుందని తాగీసినాను. మా ఆయన వొద్దంటే, పోలయ్య మావ మనసు నొచ్చుకుంటాడని తాగించినాను." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఇంక ఆ సేతులు కడుక్కో. కంపు కొడుతున్నాయి."

నీలవేణి తెల్లపొడి తెచ్చింది. కుండలో పోసింది. పులుపు వాసన పోయి ఆసుపత్రి వాసన వచ్చింది. మట్టికుండ గదా, పొడి పోసినా లోపలి మట్టిలో పురుగు దాక్కుంటుందట. ఇక వాడకూడదు. దాన్ని ఏం చేయాలో ఆమె గట్టిగా చెప్పలేదు. పడవ దగ్గర మావాళ్లు తీసుకుంటారు అని మాత్రం అని, నేనేం చేస్తానో చూడకుండా అటు తిరిగి నిలబడింది.

కుండకు మోకు కట్టాను. మెడ చుట్టూ ఒక వరుస, అడుగున ఒక వరుస, దానమ్మ పెరట్లో ఉట్టి కట్టినట్టు. తూర్పు అంచు మీద నుంచి మెల్లగా దించాను. సరుగుడుపేట అటే ఉంది, ఎక్కడో లోపల. కుండ నీళ్లు మింగి బరువెక్కింది. చేతిలో కాసేపు పట్టుకున్నాను. తరువాత కొస లాగాను. ముడి విడిపోయింది.

జారే ముడి వేయడం నా జన్మలో అదే మొదలు. సరిగ్గా జారింది.


పడమటి గాలి. చల్లగా ఉంది.

కొన్ని వారాలు గడిచాయి, వానలు పడ్డాయి. మోకులు తడిసి బిగిశాయి. నైరుతి మూల ముడి విప్పి మళ్లీ వేశాను. ఎందుకని ఎవరూ అడగొద్దు.

జబ్బు పడ్డవాళ్లంతా లేచారు. పైడమ్మ కోడలు బిందెలు మోస్తోంది.

నీలవేణి ఒక కొత్త కుండ పంపింది. మెట్ట మట్టి, ఎర్రగా ఉంది. దానితో పాటు కాగితం ముక్కలు పంపింది. ముంచితే రంగు మారాలట, పసుపు నుంచి ఎరుపుకు తిరిగాకే తోడాలట. మొదట ముట్టుకోలేదు. తరువాత చిప్పగరిటె వెతికాను. దానమ్మ ట్రంకుపెట్టె అడుగున దొరికింది. పిడి అరిగి ఆమె బొటనవేలు ఆనేచోట గుంట పడి ఉంది. చేతులు సబ్బుతో కడుక్కుని డబ్బా అన్నం పిడికెడు వేశాను, నీళ్లు పోశాను, గుడ్డ కట్టాను. ఇది వాళ్ల అమ్మ నుంచి వచ్చినది కాదు. అయినా అన్నమూ నీళ్లూ అవే కదా.

ఈ ఉదయం కొత్త నీళ్లు పోశాను. మధ్యాహ్నం ఆసుపత్రి పడవ ఎర్రయ్యను దించింది. సగం మనిషి అయ్యాడు. కర్ర పట్టుకుని తిన్నగా నా గడప దగ్గరికే వచ్చి కూర్చున్నాడు. నైరుతి వైపు చూశాడు.

"మార్చినావు."

"నోరుముయ్యి."

ముక్కు ఎగబీల్చాడు. గుడ్డ కట్టిన కుండను చూశాడు. వాడి కళ్లు తడిశాయి.

"ఉప్పునీల్లు తాగి తాగి నోరు సచ్చిపోనాది బావా. మా అప్ప సేతి తరవాణి తలుసుకుని బతికొచ్చినాను. ఒక్క గుక్క పొయ్యి."

గుడ్డ విప్పాను. వంగి వాసన చూశాను. కాగితం కూడా ముంచాను. ఇంకా పసుపుపచ్చగానే ఉంది. వాడు లోటా చాచి పట్టుకుని ఉన్నాడు. పోసేద్దామా అని నా చెయ్యి కూడా గరిటె మీదికి వెళ్లింది. అక్కడ ఆ గుంట బొటనవేలికి తగిలింది.

మూత పెట్టి గుడ్డ కట్టేశాను.

"ఇంకా పులవలేదు" అన్నాను. "రేపు రా."

ఎర్రయ్య లోటా దించేశాడు. గుడ్డకు కట్టిన ముడి వంక చూశాడు.

"అచ్చం మా అప్పే" అన్నాడు.